బెంగళూరులో సెకండ్ హ్యాండ్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్: ఏది ఎవరికి, కొనేముందు ఏం చూడాలి

"స్విఫ్ట్ తీసుకోనా, పోలో తీసుకోనా, లేకపోతే ఐ20 మంచిదా?" మారతహళ్ళి, బెల్లందూరు వైపు మనవాళ్ళు నలుగురు కలిస్తే ఈ మాట రాకుండా ఉండదు. గత ఐదారేళ్ళలో చుట్టాల కోసం, ఆఫీసు స్నేహితుల కోసం ఇరవైకి పైగా పాత డీజిల్ బండ్లు చూడటానికి వెళ్ళాను. వాటిలో కొన్నవి ఆరు. మిగతావన్నీ వద్దనుకుని వెనక్కి వచ్చినవే.

అన్ని బండ్లు చూశాక నా అభిప్రాయం స్థిరపడింది. మోడల్ ఏదన్నది మూడో ప్రశ్న. మీరు రోజూ తిరిగే దారి ఎలాంటిదన్నది మొదటి ప్రశ్న. చూడబోతున్న ఆ ఒక్క బండి తెల్లవారుజామున, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్టయిందన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు దొరికితే మోడల్ ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు.

## ముందు మీ కిలోమీటర్లు లెక్క కట్టండి

పెట్రోల్ లీటరు 103, డీజిల్ 91 అనుకుందాం. ఒకే సైజు హ్యాచ్‌బ్యాక్‌లు వాస్తవంగా ఇచ్చే మైలేజీతో లెక్క ఇలా ఉంటుంది. కంపెనీ బ్రోచర్ అంకెలు ఇక్కడ పనికిరావు.

| ఎక్కడ | పెట్రోల్ | డీజిల్ | కిలోమీటరుకు మిగిలేది |
|---|---|---|---|
| బెంగళూరు ట్రాఫిక్ | లీటరుకు 13 కి.మీ., సుమారు 7.90 | లీటరుకు 17 కి.మీ., సుమారు 5.35 | 2.55 రూపాయలు |
| హైవే | లీటరుకు 18 కి.మీ., సుమారు 5.70 | లీటరుకు 22 కి.మీ., సుమారు 4.15 | 1.55 రూపాయలు |

రెండూ కలిపి సగటున కిలోమీటరుకు రెండు రూపాయలు మిగులుతాయి. నెలకు 1500 కిలోమీటర్లు తిరిగేవాళ్ళకు ఏడాదికి 36 వేలు. నెలకు 500 మాత్రమే తిరిగితే 12 వేలు. ఆ పన్నెండు వేలు ఇంజెక్టర్ల (సిలిండర్లలోకి డీజిల్ చల్లేవి) పని ఒక్కసారి వస్తే చాలు, ఒక్క రోజులో పోతాయి. నా స్విఫ్ట్‌కు లక్షా పది వేల కిలోమీటర్ల దగ్గర ఒక ఇంజెక్టర్ మార్చి మిగతా మూడూ సర్వీసు చేయిస్తే 26 వేలైంది. అంతకు ముందు మూడేళ్ళు నెలకు రెండుసార్లు అనంతపురం తిరిగాను కాబట్టి ఆ బిల్లు భారమనిపించలేదు. వైట్‌ఫీల్డ్‌లో ఇంటికీ ఆఫీసుకూ మధ్య ఏడు కిలోమీటర్లు తిరిగే మా బావమరిదికి అదే బిల్లు వచ్చుంటే ఏడ్చేవాడు.

అందుకే నెలకు వెయ్యి కిలోమీటర్లలోపు, అదీ ఊళ్ళోనే తిరిగేవాళ్ళకు నా సలహా పెట్రోల్ బండే. ఊరికి తరచుగా వెళ్ళేవాళ్ళ సంగతి వేరు. అనంతపురం రానూపోనూ 420 కిలోమీటర్లు, తిరుపతి 500, హైదరాబాద్ 1100 దాటుతుంది. నెలలో రెండు వారాంతాలు ఇలా వెళ్ళొచ్చేవాళ్ళ కోసమే డీజిల్.

## 2020కి ముందుదా, తర్వాతిదా

ఇది మోడల్ కంటే పెద్ద తేడా. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 అనే కొత్త కాలుష్య ప్రమాణం వచ్చింది. అంతకు ముందు అమ్మిన డీజిల్ హ్యాచ్‌బ్యాక్‌లు బీఎస్4, ఇంకా పాతవైతే బీఎస్3. మారుతి ఆ మార్పుతోనే డీజిల్ మానేసింది. పోలో, జాజ్‌లలో కూడా బీఎస్6 డీజిల్ రాలేదు. కాబట్టి బీఎస్6 డీజిల్ హ్యాచ్‌బ్యాక్ కావాలంటే మార్కెట్లో చూడాల్సినవి ప్రధానంగా ఆల్ట్రోజ్, కొత్త ఐ20, గ్రాండ్ ఐ10 నియోస్, ఫిగో.

బీఎస్6 డీజిల్ సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ ఉంటుంది. మసిని పట్టి దాచుకుని, బాగా వేడెక్కినప్పుడు తనంతట తానే కాల్చేసుకుంటుంది. ఆ వేడి రావాలంటే బండి అరవై డెబ్బై కిలోమీటర్ల వేగంతో పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా పోవాలి. సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం దాకా ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆ అవకాశం ఎక్కడుంటుంది? కాల్చడం మొదలవుతుంది, సగంలో ఆగుతుంది, మర్నాడు మళ్ళీ మొదలై మళ్ళీ ఆగుతుంది. వేడి కోసం అదనంగా చల్లిన డీజిల్ కాలకుండా సిలిండర్ గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. అందుకే బీఎస్6 బండి చూసేటప్పుడు డిప్‌స్టిక్ లాగి ఆయిల్ 'మాక్స్' గీత దాటిందేమో చూడండి. ఆయిల్ తగ్గితే అందరూ గమనిస్తారు, పెరిగితే సంతోషిస్తారు. డీజిల్ బండిలో ఆయిల్ పెరగడం రోగలక్షణం. వేలికి రాసుకుని వాసన చూస్తే డీజిల్ వాసన తెలిసిపోతుంది.

రెండో పరీక్ష ఇంకా సులువు. సైలెన్సర్ గొట్టంలోకి వేలు పెట్టి తిప్పండి. డీపీఎఫ్ బాగున్న బీఎస్6 బండిలో వేలికి మసి అంటదు, అంటినా బూడిదరంగు దుమ్ములా ఉంటుంది. వేలు నల్లగా కాటుకలా వచ్చిందంటే ఫిల్టర్ పగిలిందన్నా అనుకోవాలి, ఎవరో పీకేసి ఖాళీ డబ్బా బిగించారన్నా అనుకోవాలి. రెండూ పెద్ద ఖర్చే. ఎమిషన్ టెస్టులోనూ ఇబ్బందే.

పాత బీఎస్4 హ్యాచ్‌బ్యాక్‌లకు ఈ బాధ లేదు. పొగలో కొంత మళ్ళీ ఇంజిన్లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మసి పట్టడం తప్ప ట్రాఫిక్‌ను బాగానే ఓర్చుకుంటాయి. కానీ వాటి వయసు చూసుకోవాలి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. 2012 స్విఫ్ట్ కొంటే 2027లో ఫిట్‌నెస్‌కు తీసుకెళ్ళాలి, రెన్యువల్ ఫీజు కట్టాలి, కర్ణాటకలో గ్రీన్ టాక్స్ కూడా ఉంటుంది. పదేళ్ళు దాటిన డీజిల్ మీద ఆంక్షలు ఢిల్లీ ప్రాంతానికి సంబంధించినవి, బెంగళూరులో అవి లేవు. ఆ ఆంక్షల వల్లే అక్కడి నుంచి చవగ్గా బండ్లు ఇటు దిగుతున్నాయి. ధర చూసి మురిసిపోకుండా, ఇక్కడ మళ్ళీ రిజిస్ట్రేషన్‌కు ఎంతవుతుందో ముందే లెక్క కట్టుకోండి.

## బండ్ల వారీగా

| బండి | డీజిల్ ఇంజిన్ | పవర్ (హార్స్‌పవర్) | టైమింగ్ (వాల్వులను ఇంజిన్‌తో కలిపి తిప్పేది) |
|---|---|---|---|
| స్విఫ్ట్, బాలెనో, రిట్జ్ (2020 వరకు, రిట్జ్ ఇంకా ముందే) | 1.3, 1248 సీసీ | 75 | చైన్ |
| ఐ20 (2020కి ముందు) | 1.4, 1396 సీసీ | 90 | చైన్ |
| ఐ20 (2020 నవంబరు నుంచి 2023) | 1.5 | 100 | చైన్ |
| పోలో (2014 నుంచి 2020) | 1.5, 1498 సీసీ | 90 | బెల్టు |
| ఫిగో (2015 నుంచి 2021) | 1.5 | 100 | బెల్టు |
| జాజ్ (2015 నుంచి 2020) | 1.5 | 100 | చైన్ |
| ఆల్ట్రోజ్ (2020 నుంచి) | 1.5, 1497 సీసీ | 90 | బండి మాన్యువల్ చూడాలి |

స్విఫ్ట్, దాని తోబుట్టువులు. ఫియట్ మల్టీజెట్ ఇంజిన్ ఇది. ఒకప్పుడు టాటా, మారుతి, ఫియట్ అందరూ ఇదే పెట్టుకున్నారు. అందుకే పలమనేరులో ఆగిపోయినా గుత్తిలో ఆగిపోయినా దీన్ని విప్పగలిగే మెకానిక్ దొరుకుతాడు. జేసీ రోడ్డులో సామాన్లకు కొదవ లేదు. నా దృష్టిలో ఇదే దీని అసలు బలం. లోపం కూడా చెప్పాలి. రెండు వేల ఆర్‌పీఎం లోపల టర్బో నిద్రపోతున్నట్టే ఉంటుంది. ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద నడపాల్సి వస్తుంది, క్లచ్ ప్లేటు త్వరగా అరుగుతుంది. ఎక్కువ తిరిగిన బండ్లలో టైమింగ్ చైన్ సాగి, చల్లని స్టార్ట్‌లో రెండు మూడు సెకన్లు గొలుసు ఈడ్చినట్టు శబ్దం వస్తుంది. ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే రిట్జ్ చూడండి. అదే ఇంజిన్, కాస్త ఎత్తు సీటు, వంగకుండా కూర్చోవచ్చు, ధర కూడా తక్కువ.

ఐ20. 2014 తర్వాతి 1.4లో ఆరు గేర్లున్నాయి. బాగేపల్లి దాటాక ఎన్‌హెచ్ 44 మీద వందలో పోతుంటే ఇంజిన్ ఆయాసపడదు. 2014 తర్వాతి ఎలైట్ ఐ20లో వెనకవాళ్ళకు ఏసీ వెంట్లున్నాయి. వేసవిలో పిల్లలతో పెనుకొండ దాటేవాళ్ళకు వాటి విలువ తెలుస్తుంది. సామాన్ల ధర మారుతి కంటే ఎక్కువ. కొత్త 1.5 ఇంకా బాగుంటుంది, కానీ అది బీఎస్6. ఊళ్ళోనే తిరిగిన బండయితే డీపీఎఫ్ చూడకుండా ముట్టుకోవద్దు.

పోలో. హైవే మీద దీని స్థిరత్వం మిగతా వాటికి లేదని నేను ఇప్పటికీ అంటాను. 2014లో రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకు, కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ నాలుగు స్టార్లు ఇచ్చింది. ఇక్కడ మీరు అడగాల్సింది ఒకే ఒక బిల్లు: టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు. లక్ష కిలోమీటర్ల దగ్గరికి వచ్చిన బండికి ఆ బిల్లు లేకపోతే, కొన్న వారంలోనే మార్పించే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. 2014కు ముందు వచ్చిన 1.2 మూడు సిలిండర్ల ఇంజిన్ గరగరలాడుతుంది, నేనైతే తీసుకోను. టెస్టులో పొగ తక్కువ చూపించే సాఫ్ట్‌వేర్ వ్యవహారంలో 2015 డిసెంబరులో ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు వెనక్కి పిలిచిన దాదాపు 3.23 లక్షల బండ్లలో ఇది ఉందా, పని జరిగిందా అన్నది సర్వీసు రికార్డులో చూసుకోండి. వెనక సీటు మాత్రం ఇరుకు.

ఫిగో. నడపడంలో ఆనందం కావాలంటే ఇదే. వంద హార్స్‌పవర్ తేలిక బండిలో. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది కాబట్టి పాత ఫిగో చవగ్గా దొరుకుతుంది. సర్వీసు కొనసాగిస్తామంది. అయినా బాడీ సామాన్ల కోసం ఎదురుచూసే ఓపిక ఉండాలి. ఇది కూడా బెల్టు ఇంజినే, పైన చెప్పిన బిల్లు మాటే దీనికీ.

జాజ్. ఇంజిన్ శబ్దం ఎక్కువ. కానీ లోపలి చోటు, డిక్కీ ఈ సైజులో దేనికీ లేవు. వెనక సీటు పైకి మడిచే వేరియంట్ దొరికితే ఊరి నుంచి బియ్యం బస్తాలు, ఊరగాయ జాడీలు తెచ్చుకునేవాళ్ళకు వరం.

ఆల్ట్రోజ్. 2020 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఐదు స్టార్లు ఇచ్చిన బండి. తలుపులు పూర్తిగా తొంభై డిగ్రీలు తెరుచుకుంటాయి. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇంటికి ఇది నా మొదటి పేరు, హైవే తిరుగుడు ఉన్నప్పుడు మాత్రమే.

భద్రత విషయంలో ఒక మాట. 2019కి ముందు తక్కువ వేరియంట్లలో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు లేని బండ్లు చాలా అమ్మారు. పేరు చూసి సరిపెట్టుకోకుండా వేరియంట్ చూడండి. స్టీరింగ్ మీద, డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ అక్షరాలు కనబడాలి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరిపోవాలి. వెలగకుండానే ఉంటే బల్బు తీసేశారేమో, అంటే లోపల ఎయిర్‌బ్యాగ్ ఇప్పటికే పేలిపోయిందేమో అని అనుమానించాలి.

## తెల్లవారి ఆరింటి పరీక్ష

డీజిల్ ఇంజిన్ రోగాలన్నీ చల్లని స్టార్ట్‌లోనే బయటపడతాయి. అందుకే బండి చూసే టైము మీరే చెప్పండి, పొద్దున ఆరో ఆరున్నరో. డిసెంబరు, జనవరి నెలలైతే బెంగళూరు చలి మీకు సాయం చేస్తుంది. "సార్, పదకొండింటికి రండి, కడిగించి పెడతాను" అంటే పదకొండింటికి ఇంజిన్ వేడిగా ఉంటుంది, ఆయిల్ మరకలూ కడిగేసుంటారు.

మా తమ్ముడి కోసం హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో ఒక ఐ20 చూడటానికి వెళ్ళినప్పుడు అనంతపురం మెకానిక్ ఒకతన్ని వెంటబెట్టుకెళ్ళాను. ఆరున్నరకు చేరాం. అతను పలకరింపుల కంటే ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. నా వైపు తిరిగి నెమ్మదిగా, "అన్నా, వెచ్చగుండాది" అన్నాడు. ఓనర్‌ను అడిగితే పాలకు వెళ్ళొచ్చానన్నాడు. మేం టీ తాగుతూ రెండు గంటలు అక్కడే ఉంటాం, బండి చల్లబడ్డాక చూస్తాం అన్నాం. ఆయనకు అప్పుడు ఎక్కడికో వెళ్ళే పని గుర్తొచ్చింది. మేమూ వచ్చేశాం.

చల్లని బండి దొరికితే ఈ వరసలో చూడండి.

తాళం తిప్పి ఆపండి. స్ప్రింగులాంటి పసుపు గుర్తు వెలిగి ఆరాలి, అది స్టార్ట్‌కు ముందు సిలిండర్లను వేడి చేసే గ్లో ప్లగ్. ఆరాక స్టార్ట్ చేయండి. రెండో మూడో తిప్పులకు అందుకోవాలి. స్టార్టర్ ఐదారు సెకన్లు గింజుకుంటే గ్లో ప్లగ్‌లు పోవడమో, ఇంజెక్టర్లు పాడవడమో, డీజిల్ ప్రెషర్ కారిపోవడమో ఏదో ఉంది.

స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు లోపల, ఒకరు సైలెన్సర్ దగ్గర ఉండండి. మొదటి రెండు మూడు సెకన్లు కాస్త తెల్లపొగ వస్తే కంగారు లేదు. ఆగకుండా తెల్లగా వస్తూ కళ్ళు మండితే ఇంజెక్టర్ సరిగా చల్లడం లేదు. తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ లోపలికి పోతోంది, అక్కడితో వదిలేయండి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది: టర్బో సీళ్ళు, లేదా రింగులు. యాక్సిలేటర్ గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే వచ్చే నల్లపొగకు కారణం ఒక్కోసారి ఎయిర్ ఫిల్టరే, బేరానికి పనికొస్తుంది.

బండి ఐడిలింగ్‌లో ఉండగానే ఆయిల్ పోసే మూత వదులు చేసి, తీసి, తిరగేసి ఆ బొక్క మీదే పెట్టండి. మంచి ఇంజిన్లో మూత కొంచెం వణుకుతుంది, కదలకుండా కూర్చుంటుంది. అరిగిన ఇంజిన్లో మూత గెంతుతుంది, పక్కల నుంచి పొగ గుప్పుగుప్పుమని తన్నుకొస్తుంది. సిలిండర్లలోని గాలి పిస్టన్ రింగులు దాటి కిందికి వస్తోందని అర్థం. నేను వద్దనుకున్న బండ్లలో నాలుగు ఈ మూత దగ్గరే ఆగిపోయాయి.

ఇంజెక్టర్లు దిగిన చోట చుట్టూ తారు పేరుకున్నట్టు నల్లటి గడ్డ ఉంటే కింద వాషర్ లీకవుతోంది. టర్బో నుంచి వచ్చే గొట్టాల జాయింట్లు కొద్దిగా తేమగా ఉండటం మామూలే, ఆయిల్ బొట్లు కారకూడదు.

తర్వాత నడిపి చూడండి. చదునైన రోడ్డు మీద నాలుగో గేరులో, నలభైలో ఉన్నప్పుడు ఒక్కసారిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు పైకి లేచి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. మూడో గేరులో పదిహేను వందల నుంచి తొక్కితే రెండు వేల దగ్గర టర్బో అందుకోవడం నడుముకు తెలియాలి. సన్నని ఈల పరవాలేదు, అంబులెన్స్ సైరన్‌లా ఏడిస్తే టర్బో బేరింగ్ పోతోంది. తిరిగొచ్చాక ఏసీ వేసి పావుగంట ఆపకుండా ఉంచి టెంపరేచర్ ముల్లు చూడండి. మొగిలి ఘాట్లో లారీ వెనక ఇరుక్కున్నప్పుడు తెలుసుకునే కంటే ఇక్కడ తెలుసుకోవడం మేలు.

ఈ పరీక్షలన్నీ పాసైనా, మీకు తెలిసిన మెకానిక్‌తో ఒకసారి స్కానర్ పెట్టించండి. వెయ్యో రెండు వేలో తీసుకుంటాడు.

మీటర్ మీద కిలోమీటర్లను నేను నమ్మను, వస్తువుల అరుగుదలను నమ్ముతాను. 45 వేలు చూపించే బండిలో క్లచ్ పెడల్ రబ్బరు గీతలు చెరిగిపోయి, డ్రైవర్ వైపు అద్దం స్విచ్ నున్నగా మెరుస్తుంటే అది లక్ష దాటిన బండి. ఆథరైజ్డ్ సర్వీసు సెంటర్‌లో రిజిస్ట్రేషన్ నంబరు చెబితే పాత సర్వీసుల కిలోమీటర్లు తెలిసే వీలుంటుంది, ఓనర్‌నే ఫోన్ చేయమనండి. ఆఫీసు క్యాబ్‌లుగా తిరిగి ఎల్లో బోర్డు నుంచి వైట్ బోర్డుకు మారిన బండ్లు కూడా బెంగళూరులో ఉన్నాయి, ఆర్‌సీ చరిత్ర అడగండి.

## నీళ్ళలో మునిగిన బండి

2022 సెప్టెంబరులో యెమలూరు, బెల్లందూరు, సర్జాపుర రోడ్డు పక్క లేఅవుట్లలో సెల్లార్లు నిండి కార్లు మునిగాయి. చెన్నైలో 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకూ అంతే. అవి బాగుపడి మళ్ళీ మార్కెట్లోకి వస్తాయి. నీళ్ళు మింగిన డీజిల్ ఇంజిన్లో కనెక్టింగ్ రాడ్లు వంగి ఉండొచ్చు. అది ఈ రోజు కాకపోయినా మరో రోజు బయటపడుతుంది.

సీటు బెల్టు పూర్తిగా చివరిదాకా లాగండి. ఎవరూ అంతదూరం లాగి కడగరు. చివరి అడుగులో బురద గీత, గోధుమరంగు మరక కనబడితే మిగతావి చూడక్కర్లేదు. స్టెప్నీ కింద గుంటలో సన్నని ఒండ్రు, సీటు పట్టాల మీద తుప్పు, డాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము కూడా అదే చెబుతాయి. లోపల అగరుబత్తి కంటే ఘాటుగా పర్‌ఫ్యూమ్ కొట్టి ఉంటే అద్దాలు మూసి పది నిమిషాలు కూర్చోండి, కింది నుంచి ముక్కవాసన వస్తుంది.

కాగితం మీద ఒక ఆధారం ఉంది, చాలామంది చూడరు. ప్రస్తుత ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ శాతం చూడండి. క్లెయిమ్ లేని ఏళ్ళు పెరిగేకొద్దీ అది 20, 25, 35, 45, 50 అవుతుంది. ఆరేళ్ళ బండికి సున్నా ఉంటే పోయినేడాది ఏదో క్లెయిమ్ జరిగి ఉండొచ్చు. దేనికని అడగండి. ఆ బోనస్ అమ్మేవాళ్ళదే, మీకు రాదు, కాబట్టి మీ ప్రీమియం వాళ్ళ ప్రీమియం కంటే ఎక్కువే ఉంటుంది.

## కేఏ ప్లేటా, ఏపీ ప్లేటా

మనవాళ్ళకు ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. కడపలో, చిత్తూరులో అదే స్విఫ్ట్ తక్కువకు వస్తుంది, తెలిసినవాళ్ళదే ఉంటుంది. కానీ మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచితే కర్ణాటకలో మళ్ళీ రిజిస్టర్ చేయించాలి. దానికి ఊళ్ళో ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ లైఫ్ టాక్స్. కర్ణాటక టాక్స్ దేశంలో ఎక్కువగా ఉన్నవాటిలో ఒకటి. బండి అసలు ధర, వయసు చూసి కడతారు, పాతబడేకొద్దీ తగ్గుతుంది. అక్కడ కట్టినదాంట్లో మిగిలిన భాగం వాపసు అడగొచ్చు గానీ తిరగాలి.

బెంగళూరులోనే కనీసం మూడేళ్ళుంటారా? కేఏ బండే కొనండి, కాస్త ఎక్కువైనా. ఏడాదిలోపు ఊరికి వెళ్ళిపోయేవాళ్ళు, లేదా అమ్మానాన్నల దగ్గర పెట్టడానికి కొనేవాళ్ళు ఏపీ, తెలంగాణ బండ్లు చూసుకోవాలి. 2019 నుంచి ఆంధ్ర అంతటికీ ఏపీ 39 సిరీసే మొదలైంది కాబట్టి నంబరు చూసి ఏ జిల్లా బండో చెప్పలేం, ఆర్‌సీలో అడ్రసు చూడాలి.

## ఎవరి దగ్గర కొనాలి

నేరుగా ఓనర్ దగ్గర కొంటే ధర తక్కువ, బండి చరిత్ర ఆయన నోటనే వినొచ్చు, కాగితాల పని మీదే. కంపెనీల సర్టిఫైడ్ షోరూములు, ఆన్‌లైన్ సంస్థలు ధర ఎక్కువ పెడతాయి, ట్రాన్స్‌ఫర్ వాళ్ళే చేస్తారు, వారంటీ ఇస్తారు. ఆ వారంటీలో ఇంజెక్టర్లు, టర్బో, డీపీఎఫ్ ఉన్నాయో లేవో చదవండి. "ఇంజిన్, గేర్‌బాక్స్" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. కన్సల్టెన్సీల్లో (పాత బండ్ల బ్రోకర్ల దగ్గర) కొనాల్సి వస్తే అమ్మేది ఎవరో, ఆర్‌సీ ఎవరి పేరున ఉందో తేలాకే అడ్వాన్స్. నాకు ఒకసారి పదివేల అడ్వాన్స్ తిరిగి రావడానికి ఐదు వారాలు పట్టింది.

## ఎవరికి ఏది

నెలకు రెండుసార్లు అనంతపురం, కర్నూలు వైపు వెళ్తూ మిగతా రోజులు మెట్రోలో తిరిగేవాళ్ళు: బీఎస్6 ఐ20 లేదా ఆల్ట్రోజ్. డీపీఎఫ్‌కు హైవే దొరుకుతుంది.

రోజూ ట్రాఫిక్‌లోనూ తిప్పాలి, ఊరికీ వెళ్ళాలి, బడ్జెట్ తక్కువ: 2016 నుంచి 2019 మధ్య స్విఫ్ట్ లేదా బాలెనో. కొన్నాక క్లచ్ కోసం కొంత పక్కన పెట్టుకోండి.

ఊళ్ళో నాన్న నడుపుతారు, పొలానికి పోయిరావాలి, దగ్గర్లో చిన్న మెకానిక్ షెడ్డే ఉంది: స్విఫ్ట్ లేదా రిట్జ్. ఇంకోటి ఆలోచించొద్దు.

డ్రైవింగ్ మీద ప్రేమ ఉండి, బిల్లు వచ్చినా భరించగలిగేవాళ్ళు: పోలో 1.5, ఫిగో. బెల్టు బిల్లు ఉన్నది మాత్రమే.

## డబ్బు ఇచ్చే రోజు

ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి మీద లోన్ ఉందన్న గుర్తు) కనబడితే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. ఓనర్ పేరు మార్పుకు వాడే ఫారం 29, 30 మీద సంతకాలు మీ కళ్ళముందే పెట్టించుకోండి. ఛాసిస్ నంబరు బండి మీద చూసి ఆర్‌సీతో అంకె అంకె సరిచూడండి. బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల ఫైన్లు ఆ నంబరు మీద ఎన్ని ఉన్నాయో చూసి, అమ్మేవాళ్ళ చేతే కట్టించండి. ఇన్సూరెన్స్ పేరు మార్పుకు పద్నాలుగు రోజులే గడువు.

డెలివరీ నోటు మీద తేదీతో పాటు టైము, మీటర్ రీడింగ్ కూడా రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఆ నిమిషం దాకా జరిగిందానికి వాళ్ళు, తర్వాతదానికి మీరు బాధ్యులు. అద్దం మీద పాత ఫాస్టాగ్ ఉంటే అక్కడే తీయించేయండి. మా తమ్ముడు చివరికి కొన్న 2018 బాలెనోకు అది తీయడం మర్చిపోయాం. దేవనహళ్ళి టోల్ దాటగానే పాత ఓనర్‌కు మెసేజ్ వెళ్ళింది, ఆయన ఫోన్ చేసి నవ్వుతూనే, "గురూ, నా డబ్బుతో తిరుపతి పోతున్నారా?" అని అడిగాడు. ఆ సాయంత్రమే డబ్బు పంపించి, కొత్త ట్యాగ్ తీసుకున్నాం.